పెద్దమ్మ గిన్నెలో టమాట పొడి

నా చిన్నప్పుడు మా గోదావరిఖని క్వార్టర్లలో టమాట పొడి అంటే దుకాణంలో కొనే వస్తువు కాదు, ఒక మనిషి చేతి పని. మొన్న మా కోడలు సూపర్ మార్కెట్ నుంచి ఒక రంగుల పొట్లం తెచ్చి, "అత్తమ్మా, ఇగ చారుకు టమాటలు కోసుడు లేదు, ఇది ఒక్క చెంచ ఏస్తె అయిపాయె" అంది. పొట్లం వెనక అందులో ఏమేం కలిపారో సన్నటి అక్షరాల్లో రాసి ఉంది. కళ్లద్దాలు పెట్టుకుని చదవబోయి మానేశాను. ఇంత ముసలిదాన్నయ్యాక టమాట పొడిలో ఏముంటుందో నాకు ఒక పొట్లం చెప్పాలా! కోడలు నవ్వింది. నాకు మాత్రం నవ్వు రాలేదు. పొట్లం విప్పగానే ఆ పుల్లటి వాసన ముక్కుకు తగిలి, మా బాపు, మా ఎదురింటి పెద్దమ్మ కళ్ల ముందు నిలబడ్డారు. ఆ సంగతి నా పిల్లలకు కూడా ఎప్పుడూ పూర్తిగా చెప్పలేదు. ఇప్పుడు చెప్పాలనిపిస్తోంది.

మా బాపు బొగ్గుబాయిలో పని చేసేవాడు. చెమ్మస్ అనే పెద్ద పారతో బొగ్గు తట్టలోకి ఎత్తడం, తట్టను మోసుకుపోయి పట్టాల మీది టబ్బులో పోయడం, ఇదీ పని. ఆ పని ఒంటరిగా అయ్యేది కాదు, జోడీ ఉండాలి. బాపుకు జోడీ మా ఎదురింటాయన. వయసులో పెద్దవాడు కాబట్టి బాపు ఆయన్ను అన్నా అని పిలిచేవాడు. అందుచేత ఆయన నాకు పెద్దబాపు, ఆయన భార్య పెద్దమ్మ. వాళ్లకు పిల్లలు లేరు. వాళ్లు చర్చికి పోయేవాళ్లు, మేము గుడికి పోయేవాళ్లం. ఆదివారం వాళ్లింట్లో పాటలు వినిపించేవి, శనివారం మా ఇంట్లో ఒక్కపొద్దు ఉండేది. ఇంతకు మించి ఆ రెండు ఇళ్లకు తేడా ఉన్నట్టు నాకు తెలియదు. చచ్చినవాడి కళ్లు చేరెడంటారు గానీ, నేను అలా పొగడడం లేదు. పెద్దబాపు దారికి అడ్డం పడుకున్న బర్రెను కూడా కసురుకోకుండా బతిమాలి లేపే మనిషి.

బాయి లోపల విపరీతమైన ఉక్క. పొద్దున షిఫ్టుకు దిగేటప్పుడు కట్టుకుపోయిన కూర తినే వేళకు పాసిపోయేది. పప్పు పులిసిపోయేది. చాలామంది ఉల్లిగడ్డ, పచ్చిమిరపకాయ కొరుక్కుని తినేవాళ్లు. పెద్దమ్మకు మాత్రం మొగుడు అలా తినడం నచ్చలేదు. సంతలో టమాటలు రాసులు పోసి అమ్మే రోజుల్లో గంపెడు తెచ్చి, ఎండబెట్టి, పొడి కొట్టి, ఒక చిన్న రేకు డబ్బాలో ఆయన వెంట పంపేది. తడి లేదు కాబట్టి అది పాసిపోదు. వేడన్నం కానవసరం లేదు, చల్లారిన అన్నంలో చల్లుకుని నాలుగు చుక్కల నూనె వేసుకుంటే చాలు. మిగిలిన కాస్త పొడిని నీళ్ల సీసాలో వేసి గిలక్కొడితే అదే చారు. భూమి లోపల, పొయ్యి లేని చోట చారు! బాపు ఇంటికొచ్చి ఆ చారు గురించి గొప్పగా చెబుతుంటే మా అమ్మ మూతి ముడుచుకునేది. "బువ్వ వండి కట్టిచ్చేది నేను, మెచ్చుకునేది మాత్రం వదిన పొడిని" అని గొణిగేది.

వాళ్లిద్దరి తిండికి ఒక పద్ధతి ఉండేది. బాపు ముందు పోయి రెండు టిఫిన్ల మూతలు తీసి పెట్టాలి. పెద్దబాపు వచ్చి, చేతులు కడుక్కుని, కళ్లు మూసుకుని చిన్న ప్రార్థన చేయాలి. అది అయ్యేదాకా బాపు ముద్ద కలిపేవాడు కాదు. ఆ తరువాత రెండు టిఫిన్లలోని అన్నం కలిపేసుకుని, పొడి పంచుకుని తినేవాళ్లు. ఎన్నో ఏళ్లు అలాగే తిన్నారు.

శివరాత్రి పోయి ఎండలు ముదిరిన రోజుల్లో ఒకనాడు, వాళ్లు పని చేసే చోట పైకప్పు కూలింది. పెద్దబాపు బండ కింద పడి అక్కడికక్కడే పోయాడు. బాపు ఒంటి మీద గీత కూడా పడకుండా పైకి వచ్చాడు. నేను బడి నుంచి వచ్చేసరికి వీధి నిండా జనం. మా బాపు ఎదురింటి గోడకు ఆనుకుని కింద కూర్చుని ఉన్నాడు. ముఖమంతా బొగ్గు, కళ్ల కింద మాత్రం ఎప్పుడో ఆరిపోయిన రెండు చారలు. నేను పోయి పక్కన కూర్చుంటే నా వైపు చూశాడు గానీ నన్ను గుర్తుపట్టినట్టు లేదు. పెద్దబాపును సమాధుల తోటకు తీసుకుపోయేటప్పుడు అందరికంటే వెనక నడిచాడు. అంత ప్రాణస్నేహితుడు పెట్టెకు భుజం పట్టలేదేమని నలుగురూ అనుకున్నారు.

మా వీధిలో ఒక మర్యాద ఉండేది. చావు జరిగిన ఇంట్లో పొయ్యి వెలిగించనిచ్చేవాళ్లు కాదు. ఒక ఇంటి నుంచి అన్నం, ఒక ఇంటి నుంచి పప్పు, ఇంకో ఇంటి నుంచి చాయ్, అలా వంతులు వేసుకున్నట్టు వచ్చేవి. ఇంకో మర్యాద, ఎవరి గిన్నె మన ఇంటికి వచ్చినా దాన్ని ఖాళీగా తిరిగి పంపకూడదు. ఒక బెల్లం ముక్కో, గుప్పెడు పల్లీలో, ఏదీ లేకపోతే చిటికెడు చక్కెరో వేసి పంపాలి. అయితే చావింటి నుంచి మాత్రం ఎవరూ ఏమీ తీసుకోరు. కొందరికి మైల భయం, కొందరికి జాలి. పెద్దమ్మ ఎవరి గిన్నెలోనైనా ఏదైనా వేయబోతే, "ఇప్పుడు ఇవన్ని ఎందుకక్కా, ఉండనీ, గిన్నె తర్వాత తీస్కపోతం తీ" అని తప్పుకుని పోయేవాళ్లు. మంచి మాటే. ఎవరిదీ తప్పు కాదు. అలా వీధిలోని గిన్నెలన్నీ ఆమె గూట్లో చేరాయి.

మా ఇంట్లో సంగతి వేరు. మా ఇంట్లో పొయ్యి వెలుగుతోంది, అన్నం ఉడుకుతోంది, తినాల్సిన మనిషి తినడం లేదు. బాపు పీట మీద కూర్చుంటాడు. అమ్మ అన్నం గిన్నె మూత తీస్తుంది. ఆ మూత చప్పుడు వినగానే బాపు లేచి పోతాడు. చాయ్ తాగుతాడు, నీళ్లు తాగుతాడు, ముద్ద మాత్రం గొంతు దిగదు. బనీను కింద పక్కటెముకలు లెక్కపెట్టేలా అయ్యాడు. డ్యూటీకి పోవడం లేదు. షిఫ్టు కూత వినబడగానే పెరట్లోకి పోయి గోడకు ముఖం పెట్టుకుని కూర్చునేవాడు. బయటికి పోవాలంటే పెద్దమ్మ వాకిలి ముందు నుంచి పోవాలి కదా, అందుకని వెనక సందు పట్టుకుని పోయేవాడు. మళ్లీ ఆ సందులోంచే వచ్చేవాడు.

అమ్మ మొదట బతిమాలింది, తరువాత తిట్టింది, తరువాత ఏడ్చింది. "గిట్ల నాగాలు పెట్టుకుంట పోతె నౌకరి ఉంటదా? నౌకరి పోతే క్వార్టర్ పోతది. ఈ పిల్లను తీస్కొని నేనెక్కడికి పోవాలె?" అని అడిగేది. నాకు ఇప్పుడు తెలుసు, ఆమె అసలు భయం నౌకరి గురించి కాదు. మనిషి కళ్ల ముందే కరిగిపోతున్నాడు. అతన్ని ఎలా పట్టి ఆపాలో ఆమెకు తెలియలేదు. ఆ భయం పైకి చెప్పలేక నౌకరి పేరు చెప్పేది. నేను చిన్నదాన్నే అయినా అర్థమైంది, మా బాపు తినకపోతే మాకు బాపు ఉండడని.

చివరికి అమ్మకు ఒక ఆలోచన వచ్చింది. ఇన్నేళ్లు తిన్న పొడి లేక ఆయనకు అన్నం సయించడం లేదేమో, తానే చేసి పెడితే తింటాడేమో అని. మా అమ్మది మంథని దగ్గర పల్లె. అక్కడ చిక్కుళ్లు, వంకాయలు, కాకరకాయలు కోసి ఒరుగులు ఎండబెట్టడం ఆమెకు చిన్నప్పటి నుంచీ అలవాటే. ఒకసారి ఆరబోస్తే ఎండేదాకా ముట్టుకోవద్దని వాళ్లమ్మ నేర్పిందట. అదే పద్ధతిలో టమాటలు కోసి, వాకిట్లో నులక మంచం మీద చీర పరిచి ఆరబోసి, బాపు దగ్గర కూర్చుంది.

పల్లెలో అయితే అది మంచి పద్ధతే. మా దగ్గర కాదు. అప్పటికి మా క్వార్టర్ల అవతల కొత్తగా, మందుగుండుతో పేల్చి పైనుంచే బొగ్గు తీసే ఓపెన్‌కాస్ట్ గని తవ్వుతున్నారు. మధ్యాహ్నం సైరన్ మోగేది, కాసేపటికి భూమి అదిరేది, ఆ తరువాత గాలి వాటాన్ని బట్టి నల్లటి దుమ్ము మా వాకిళ్లలో దిగేది. బట్టలు ఆరేసిన వాళ్లు పరుగెత్తుకొచ్చి లోపల వేసుకునేవాళ్లు. అమ్మకు ఆ రోజు సైరన్ వినపడిందో లేదో, విన్నా బుర్రకు ఎక్కిందో లేదో తెలియదు. ఎర్రటి ముక్కల మీద కాటుక పూసినట్టు సన్నటి పొర పడింది. అమ్మ గుడ్డతో దులిపింది. పోయిందనుకుంది. పచ్చి ముక్కకు అంటుకున్న దుమ్ము ఎక్కడికి పోతుంది? ముక్కతో పాటే ఎండిపోయింది, ముక్కతో పాటే రోట్లో పడింది.

బాపు ముందు పళ్లెం పెట్టి అమ్మ అన్నంలో ఆ పొడి వేసింది. వాసన తగలగానే బాపు తలెత్తాడు. ఎన్నాళ్ల తరువాతో తనంతట తాను చెయ్యి చాపి ముద్ద కలిపాడు. అమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. బాపు ముద్ద నోట్లో పెట్టుకున్నాడు, ఒక్కసారి నమిలాడు. పళ్ల కింద కరకరమంది. ఆ చప్పుడు నాకూ వినిపించింది. బాపు నమలడం ఆపి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని పెరట్లోకి ఉరికాడు. కడుపులో ఏమీ లేకపోయినా చాలాసేపు వాంతి చేసుకున్నాడు. తరువాత గోడ పట్టుకుని నిలబడి, మా ఇద్దరితో కాదు, ఎవరితోనో అన్నట్టు, "అన్న నోరు తుడిచినప్పుడు గిట్లనే ఉండె. నోట్ల అంత బొగ్గే" అన్నాడు.

అమ్మ ఆ పొడిని తీసుకుపోయి మోరీలో పోసింది. ఏడవలేదు. ఏడ్చి ఉంటే నాకు అంత భయం వేసేది కాదు.

మర్నాడు నేను నల్లా దగ్గర నీళ్లు పడుతుంటే పెద్దమ్మ వాకిట్లోంచి పిలిచింది. పోవడానికి సంకోచించాను. పెద్దవాళ్లు ఆ ఇంటి ముందు గొంతు తగ్గించి మాట్లాడుతుంటే అక్కడ ఏదో ఉందని పిల్లలకు భయం పుడుతుంది కదా. అయినా పోయాను. లోపల అంతా కడిగినట్టు శుభ్రంగా ఉంది. గూట్లో గిన్నెలు ఒకదాని మీద ఒకటి బోర్లించి ఉన్నాయి. చింతపండుతో తోమి తళతళలాడుతున్నాయి. మా అమ్మ పేరు చెక్కిన స్టీలు గిన్నె కూడా అందులో ఉంది.

"మీ బాపు తింటుండా?" అని అడిగింది పెద్దమ్మ.

నేను లేదని తల ఊపాను. తరువాత దుఃఖం ఆగక అంతా చెప్పేశాను. మూత చప్పుడుకు లేచిపోయేది, వెనక సందులోంచి పోయేది, నాగాలు, అమ్మ చేసిన పొడి, పళ్ల కింద బొగ్గు, అన్నీ. బాపు అన్న ఆఖరి మాట మాత్రం చెప్పలేదు. అది చెప్పకూడదని ఎవరూ నాకు చెప్పకపోయినా తెలిసింది.

"ఓసి పిచ్చి మొఖమా, మీ అమ్మ సైరన్ మోగంగనే మంచం లోపటికి గుంజద్దా? పచ్చి ముక్క దుబ్బ పీల్చుకుంటది గదనే" అంది పెద్దమ్మ. ఆమె ముఖంలో ఏదో కదిలింది. నవ్వు అనలేను, కానీ అంతకు ముందు లేనిది. లేచి కొంగు నడుముకు చుట్టి గంప అందుకుంది. "పా, సంతకు పోదాం."

భర్త పోయి ఎన్నాళ్లో కాని ఆడమనిషి గంప చంకన పెట్టుకుని బజారున పడితే ఊరుకుంటారా! నల్లా దగ్గరి ఆమె ఒకతె ఆపి, "ఏందక్కా, దినాలు గాకముందే బయటికొచ్చినవ్?" అని అడిగింది. పెద్దమ్మ నడక ఆపలేదు. "ఆకలికి దినాలుంటయా చెల్లే?" అంది, అంతే.

ఆమె టమాటలు ఏరడమే వేరుగా ఉండేది. మెత్తబడ్డవి పక్కన పెట్టేసేది. గట్టిగా, ఎర్రగా, పుల్లగా ఉండే నాటు కాయలే కావాలి. ఇంటికొచ్చి పల్చగా చక్రాల్లా కోసింది. గింజలు, రసం వేలితో తీసేయించింది నా చేత, తడి అంతా అక్కడే ఉంటుందని. రాళ్ల ఉప్పు దంచి చల్లింది, కాస్త పసుపు వేసింది. మంచం మీద పాత చీర పరిచి ముక్క ముక్కకు తగలకుండా పేర్చింది. వాటి మీద పెద్దబాపు తెల్ల పంచె ఒకటి తెచ్చి పరిచింది. ఆ పంచె పరిచేటప్పుడు మాత్రం ఆమె చేతులు ఒక్క క్షణం ఆగాయి. అంచులు సర్దుతూ, "దుబ్బ ఆగాలె, ఎండ దిగాలె, గీ పంచె అయితెనే మంచిగుంటది" అని నాకు చెప్పింది. నేను అడగలేదు.

నా పని సైరన్ వినడం. అది మోగగానే ఇద్దరం చెరో పక్క పట్టుకుని మంచాన్ని లోపలికి లాగేవాళ్లం. తలుపు వేసి, కిటికీకి బట్ట కట్టి, భూమి అదిరి సద్దుమణిగేదాకా చీకట్లో కూర్చునేవాళ్లం. దుమ్ము దిగిపోయాక మళ్లీ బయటికి. మా రామగుండం వైపు ఎండ సంగతి చెప్పేదేముంది, రెండో రోజు ఎండ దిగేసరికే ముక్కలు చెవి పోగుల్లా ముడుచుకుపోయాయి. నేను వెంటనే రోట్లో వేయబోతే చెయ్యి పట్టుకుని ఆపింది. ఎండ వేడి మీద దంచితే ముద్దయిపోతాయట, నీడలో చల్లారి విరిస్తే టప్పున విరగాలట. చల్లారాక ఒక ముక్క నా చేతికిచ్చి విరవమంది. టప్పుమంది. "ఇగ దంచు" అంది.

దంచింది ఆమె, జల్లించింది నేను. వేయించిన జీలకర్ర, ఎండుమిరపకాయలు, చివర్లో నాలుగు ఎల్లిపాయలు వేసి మళ్లీ దంచింది. ఇల్లంతా ఘుమఘుమలాడింది. అప్పుడు రోకలి పక్కన పెట్టి ఆమె అన్న మాటలు నాకు ఇప్పటికీ అక్షరం పొల్లుపోకుండా గుర్తున్నాయి. "పొద్దుగాల లేస్తె నా చెయ్యి డబ్బ నింపుదామని పోతది బిడ్డా. ఎవలకు నింపాలె? అందరు తెచ్చి పెడుతున్నరు, పుణ్యాత్ములు. నేనిస్తె మాత్రం గింతంత ఎవ్వలు తీస్కుంటలేరు. ఆయనతోని నేను గూడ పోయిన్నా ఏంది?"

జల్లెడ పట్టుకుని ఊరికే నిలబడ్డాను. ఆమె గూట్లోంచి మా అమ్మ గిన్నె తీసి, పొడి నింపి, మూత పెట్టి నా చేతికిచ్చింది. "మీ బాపు చేతికే ఇయ్యి. పెద్దమ్మ ఖాళీ గిన్నె పంపదట అని చెప్పు" అంది.

గిన్నె చూడగానే అమ్మ వాకిట్లోనే ఆపింది. చావింటి నుంచి తిండి వస్తువు, అందులోనూ దినాలు కాకుండా. ఆమె ముఖంలో ఆ సందేహం స్పష్టంగా కనిపించింది. మూత కొంచెం జరిపి వాసన చూసింది, లోపల పడుకున్న బాపు వైపు చూసింది, ఏమీ అనకుండా దారి వదిలింది. నేను పోయి పెద్దమ్మ చెప్పిన మాట చెప్పి గిన్నె బాపు చేతిలో పెట్టాను.

బాపు ఆ గిన్నెను చాలాసేపు పట్టుకుని కూర్చున్నాడు. తరువాత లేచి, చెప్పులు కూడా వేసుకోకుండా, ముందు వాకిలి గుండా బయటికి నడిచాడు. పెద్దబాపు పోయాక ఆయన మా ముందు గడప దాటడం అదే మొదలు. నేను తింటాడని ఆశపడ్డాను. తిరిగి ఇచ్చేయడానికి పోతున్నాడని అర్థమై వెంట పరుగెత్తాను.

పెద్దమ్మ అరుగు మీద కూర్చుని ఉంది. బాపు గిన్నె ఆమె ముందు పెట్టి తల వంచుకుని నిలబడ్డాడు. "వదినా, ఇది నాకద్దు. నాకు తినే మొఖం లేదు" అన్నాడు. ఆమె ఎందుకని అడగలేదు. అప్పుడు బాపు ఎవరికీ చెప్పని మాట చెప్పాడు. మాటలు ముక్కలు ముక్కలుగా వచ్చాయి. "అన్ననే పంపిండు వదినా. నువ్వు పోయి డబ్బలిప్పు, నేను ఈ తట్ట పోసి వస్త అన్నడు. నేను పోయి కూసున్న. మూత తీస్తున్న... మూత తీస్తుంటెనే కూలింది. అన్న బండ కింద పడ్డప్పుడు నేను బువ్వ కాడ కూసున్న."

అప్పుడు అర్థమైంది నాకు, మూత చప్పుడుకు ఆయన ఎందుకు లేచిపోతున్నాడో. మా వెనకే వచ్చిన అమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. పెద్దమ్మ ఏమంటుందో అని నేను ఆమె ముఖం వైపే చూస్తున్నాను. కోప్పడితే? ఏడిస్తే? నా బతుకులో అంత భయంగా ఇంకెవరి మాట కోసమూ ఎదురుచూడలేదు.

"నాకు తెల్వదనుకున్నవా?" అంది ఆమె, నెమ్మదిగా. "ఆయన దినాం నిన్నే ముందుగాల పంపేటోడు. చిన్నోడు ఆకలికి ఆగడు, వాడు పోయి కూసున్నంకనే నేను పోత అని ఇంటికొచ్చి చెప్పి నవ్వేటోడు. గా దినం గూడ నిన్ను తినుమనే పంపిండు. నువ్వు తినకపోతివి. మరి ఆయన పంపింది ఏమాయె?"

బాపు అరుగు మెట్టు మీద కూలబడి ఏడ్చాడు. బాయి నుంచి పైకి వచ్చిన నాటి నుంచి ఆ రోజు దాకా ఎవరి ముందూ ఏడవని మనిషి, చిన్నపిల్లాడిలా వెక్కి వెక్కి ఏడ్చాడు. పెద్దమ్మ కూడా ఏడ్చింది. ఏడుస్తూనే లేచి లోపలికి పోయి, ఎవరింటి నుంచో వచ్చిన అన్నం పళ్లెంలో పెట్టి, గిన్నెలోని పొడి చల్లి, నూనె వేసి తెచ్చింది. "ఇగ నా చెయ్యి ఖాళీగ పెట్టకు తమ్మీ" అని పళ్లెం ఆయన ముందు పెట్టింది.

బాపు ముద్ద కలపలేదు. చేతులు ఒళ్లో పెట్టుకుని ఆగాడు. మళ్లీ తినడేమోనని మా అమ్మ ఒక అడుగు ముందుకు వేసింది. పెద్దమ్మకు మాత్రం తెలిసిపోయింది. ఆమె కళ్లు మూసుకుని, పెద్దబాపు బాయిలో చేసే ఆ చిన్న ప్రార్థన చేసింది. చివరిదాకా చెప్పింది. అది అయ్యాక బాపు తిన్నాడు. మెల్లగా, ముద్ద ముద్దకూ ఆగుతూ, పళ్లెం ఖాళీ అయ్యేదాకా తిన్నాడు. ఇంకొంచెం పెట్టమని తనే అడిగాడు.

తరువాత అమ్మ చేసిన పని కూడా చెప్పాలి, లేకపోతే ఆమెకు అన్యాయం చేసినదాన్నవుతాను. ఆమె తిన్నగా పెద్దమ్మ గూటి దగ్గరికి పోయి, మిగతా గిన్నెలన్నీ దింపి, ఒక్కోదాంట్లో పెద్దమ్మ చేత పొడి పోయించి, తానే కొంగు చాటున పెట్టుకుని ఇంటింటికీ తీసుకుపోయింది. మైల అని ఎవరో నసిగితే, "మా ఆయన తిన్నడు, నేను తిన్న, మాకేమైంది?" అని గట్టిగానే అడిగిందట. ఆ సాయంత్రం మా వీధిలో చాలా ఇళ్లలో అదే పొడి చారు. బాపు కొద్ది రోజులకే డ్యూటీ ఎక్కాడు. పెద్దమ్మ చిన్న రేకు డబ్బా నింపి మా వాకిట్లోకి తెచ్చి ఇచ్చేది. ఒంట్లో ఓపిక ఉన్నన్నాళ్లూ ఇచ్చింది. మా బాపు రిటైరయ్యే నాటి వరకు అది తీసుకోకుండా బాయి దిగలేదు.

బాధలో ఉన్నవాళ్లకు పెట్టాలని నాకు చాలామంది నేర్పారు, బడిలో పంతుళ్లూ చెప్పారు. వాళ్ల చేతి నుంచి తీసుకోవాలని మాత్రం పెద్దమ్మ ఒక్కతే నేర్పింది. అయినవాళ్లను పోగొట్టుకున్న మనిషికి మనం అన్నీ తెచ్చి ఇస్తాం, ఏ పనీ చెప్పం, ఏమీ అడగం. మంచి చేస్తున్నామనే అనుకుంటాం. నువ్వు ఇక ఎవరికీ అక్కరలేదని ఆ మనిషి చెవిలో చెప్పినట్టే అవుతుందని మనకు తోచదు. అందుకే నేను ఏ చావింటికి పోయినా చేతిలో గిన్నెతో పోతాను, తిరిగి వచ్చేటప్పుడు ఏదో ఒకటి అడిగి తెచ్చుకుంటాను. ఇది చూసి మా వాళ్లు సిగ్గుపడతారు. పడనీ.

ఈ మధ్యనే మా వెనక వీధిలో ఒక కుర్రవాడి భార్య జబ్బు చేసి పోయింది. పలకరించడానికి పోతే అతను మంచం అంచున కూర్చుని ఉన్నాడు. పొద్దుటి నుంచి కదలలేదని, పచ్చి మంచినీళ్లు ముట్టలేదని వాళ్ల చెల్లెలు గుసగుసగా చెప్పింది. వచ్చినవాళ్లంతా అవే పాత మాటలతో ఓదారుస్తున్నారు. నేను కాసేపు పక్కన కూర్చుని, లేస్తూ, "బిడ్డా, మీ పెరట్ల కరివేపాకు చెట్టున్నది గదా, నా చారుకు రెండు రెమ్మలు తెంపి ఇస్తవా?" అని అడిగాను. చుట్టూ ఉన్నవాళ్లు ముసలిదానికి మతి పోయిందన్నట్టు చూశారు. ఆ కుర్రవాడు తలెత్తి నన్ను చూశాడు. మంచం మీద చెయ్యి ఆనించి లేచి నిలబడ్డాడు. "ఆగు అవ్వా, లేతయి చూసి తెస్త" అని పెరట్లోకి నడిచాడు.